సాయుధ సంఘర్షణల్లో లైంగిక హింస: వాంగ్మూలాల సేకరణ, దాని ఖర్చు (తెలుగు ప్రాంతాల చరిత్ర)

సైన్యం, పోలీసు బలగాలు, ప్రైవేటు సాయుధ ముఠాలు, తిరుగుబాటు దళాలు తలపడే చోట స్త్రీల మీద, కొన్నిసార్లు పురుషుల మీద కూడా లైంగిక హింస జరుగుతుంది. దాన్ని బాధితుల ఇష్టానికి, భద్రతకు, గోప్యతకు పెద్దపీట వేస్తూ నమోదు చేయడం, అందుకయ్యే డబ్బు సమకూర్చడం ఈ వ్యాస విషయం. అంతర్జాతీయంగా దీనికి పద్ధతులు, నియమావళులు ఎక్కువగా ఇటీవలి దశాబ్దాల్లోనే రూపుదిద్దుకున్నాయి. తెలుగునాట మాత్రం నమోదు ప్రయత్నాలు 1940ల నుంచీ సాగుతున్నాయి. వాటిని వరసగా చూస్తే ఒక సంగతి బయటపడుతుంది: ఖర్చు ఎవరు పెట్టుకున్నారో కాగితం మీద పెత్తనం దాదాపుగా వారికే దక్కింది. సర్కారు ఖర్చుతో రాసింది బీరువా పాలైంది. పార్టీ రాయించింది పార్టీ వాదానికి రుజువుగా మారింది. పౌరహక్కుల కార్యకర్తలు జేబులో డబ్బు తీసి రాసింది నమ్మదగినదిగా నిలిచింది గానీ, బాధితురాలి కోర్టు వాయిదాల బరువు మోయడానికి ఆ జేబులు చాలలేదు. నిధులు నివేదిక కోసమని కేటాయించడం పాత అలవాటు. నివేదిక వచ్చిన తర్వాత బాధితురాలు గడపవలసిన ఏళ్ళకు నిధులు కావాలన్నదే ఈ చరిత్ర చెప్పే మాట.

ఈ విషయానికి ఉమ్మడి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంతో రెండు విధాల సంబంధం ఉంది. మున్నేటి ఒడ్డున, తిరుపతమ్మ తిరునాళ్ళతో పేరుపడ్డ పెనుగంచిప్రోలు బండారు అచ్చమాంబ (1874–1905) పుట్టిన ఊరు. స్త్రీల జీవితాలను వెతికి, సమాచారం కూర్చి ఆమె రాసిన 'అబలా సచ్చరిత్ర రత్నమాల' 1901లో వెలువడింది. స్త్రీల చరిత్రను స్త్రీయే రాయాలన్న పట్టుదలకు తెలుగులో అది తొలి మెట్టు. ఆమె తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు మునగాల సంస్థానం దివానుగా ఉంటూ విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని, తర్వాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని నడిపారు. మునగాల రాజా నాయని వెంకట రంగారావు అండ లేకపోతే ఆ పనులు అంత దూరం వచ్చేవి కావు. పుస్తకానికి పోషకుడు ఎంత అవసరమో ఈ కుటుంబానికి బాగా తెలుసు. రెండోది సరిహద్దు. 1948 వరకు పెనుగంచిప్రోలుకు కూతవేటు దూరంలోనే నైజాం రాజ్యం. నందిగామ తాలూకాలోని మునగాల పరగణా చుట్టూ నైజాం భూమి, నందిగామ పక్కనే ఉన్న నైజాం గ్రామం పరిటాల చుట్టూ బ్రిటిషు ఇలాకా. రజాకార్ల దాడులు పెరిగిన 1947–48లో అటు నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన కుటుంబాలకు ఈ మెట్ట ఊళ్ళే ఆశ్రయం. వారు తెచ్చిన కబుర్లలో చెరచబడ్డ స్త్రీల ఉదంతాలూ ఉన్నాయి. వాటిని పూసగుచ్చినట్టు రాసిపెట్టుకునే ఏర్పాటు మాత్రం అప్పట్లో ఎవరికీ లేదు.

అంతకు ముందే, లెవీ ధాన్యం వసూళ్ళను ప్రతిఘటించిన ఆకునూరు, మాచిరెడ్డిపల్లి గ్రామాల మీద నైజాం పోలీసులు పడి స్త్రీలను చెరిచిన ఘటనలు దేశమంతా తెలిశాయి. పద్మజా నాయుడు వంటి ప్రముఖురాలు పట్టించుకోవడమే అందుకు కారణం. పేరున్నవారి కంట పడ్డ ఊరికి చరిత్రలో చోటు దొరికింది, కంట పడని ఊళ్ళు అలాగే మిగిలిపోయాయి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య పేరిట భారత సైన్యం హైదరాబాదులో ప్రవేశించాక హింస దిశ మారింది. ఈసారి దెబ్బ తిన్నది ఎక్కువగా ముస్లిం కుటుంబాలు. నెహ్రూ ప్రభుత్వం పంపగా పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ నవంబరు 29 నుంచి డిసెంబరు 21 వరకు తొమ్మిది జిల్లాలు తిరిగారు. చనిపోయినవారు 27,000 నుంచి 40,000 మధ్య ఉంటారని అంచనా కట్టారు. మానభంగాలు జరిగాయని, స్త్రీలను ఎత్తుకుపోయి షోలాపూర్, నాగపూర్ వంటి పట్టణాలకు తరలించారని కూడా రాశారు. ఆ పని అప్పటి పరిస్థితుల్లో సాహసమే. కానీ పంపింది ప్రభుత్వం, ఖర్చు ప్రభుత్వానిది, చివరికి నివేదికా ప్రభుత్వానిదే. అది దశాబ్దాల తరబడి వెలుగు చూడలేదు. 2013 నాటికి గాని ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో జనం చూడగలిగే స్థితికి రాలేదు. ఆ 65 ఏళ్ళలో, అందులో ప్రస్తావించిన స్త్రీలలో ఎంతమంది మిగిలి ఉంటారో లెక్క వేసుకోవచ్చు.

తెలంగాణ సాయుధ పోరాటం నడిపిన కమ్యూనిస్టు పార్టీ సైతం నమోదు చేసింది. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో ప్రచురించిన తెలంగాణ పోరాట చరిత్రలో పోలీసులు, సైనికులు చేసిన అత్యాచారాల ప్రస్తావనలు ఊళ్ళ పేర్లతో సహా కనిపిస్తాయి. కృష్ణా జిల్లాలోనే 1949లో కాటూరు, ఎలమర్రు గ్రామాల మీద పోలీసులు దాడి చేసి మగవారిని దిగంబరులను చేసి గాంధీ విగ్రహం చుట్టూ తిప్పిన ఉదంతం నేటికీ జ్ఞాపకాల్లో ఉంది. అప్పట్లో దాన్ని అవమానమన్నారు. బలవంతంగా బట్టలు ఊడదీయడాన్ని నేటి అంతర్జాతీయ చట్టం లైంగిక హింస కింద లెక్కిస్తుంది. పార్టీ రాతల విలువను కొట్టిపారేయడానికి లేదు. అవే లేకపోతే అసలు ఏమీ మిగిలేది కాదు. అయినా ఆ రాతల్లో స్త్రీ శత్రువు క్రూరత్వానికి ఆనవాలుగా ఒక వాక్యంలో వచ్చి పోతుంది. తర్వాత ఆమె ఇంట్లోవాళ్ళు ఏమన్నారు, వైద్యం ఎవరు చేయించారు, ఎలా బతికింది అన్నవి ఎవరూ అడగలేదు.

అడిగినవారు హైదరాబాదు స్త్రీ శక్తి సంఘటన సభ్యులు. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల వద్దకు వెళ్ళి, టేప్ రికార్డరు ముందు పెట్టి, వారు చెప్పింది చెప్పినట్టు విన్నారు. 1986లో వచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' ఆ శ్రమ ఫలితం. అందులో స్త్రీ తన కథను తాను ఎక్కడ మొదలుపెట్టాలనుకుంటే అక్కడ మొదలుపెడుతుంది. శత్రువు గురించి చెప్పిన నోటితోనే దళంలో ఎదురైన చిన్నచూపు, పోరాటం ముగిశాక ఇళ్ళకు పొమ్మన్న పార్టీ గురించీ చెబుతుంది. ఏ పార్టీ ఖర్చుతో తయారైన పుస్తకమైనా ఈ రెండో భాగాన్ని అచ్చు వేసేది కాదని గట్టిగా చెప్పవచ్చు. బాధితుల పక్షాన నమోదు చేయడమంటే ఏమిటో తెలుగు పాఠకులకు చూపించినది, నా లెక్కలో, ఈ పుస్తకమే. కానీ అది సంఘటనలు జరిగిన 35 ఏళ్ళ తర్వాత వచ్చింది. కోర్టుకు పనికివచ్చే కాలం ఎప్పుడో దాటిపోయింది.

సంఘటన జరిగిన వెంటనే వెళ్ళే సంప్రదాయం పౌరహక్కుల ఉద్యమానిది. 1974లో ఏర్పడ్డ ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం, 1998లో కె.బాలగోపాల్ తదితరులు నెలకొల్పిన మానవ హక్కుల వేదిక నిజనిర్ధారణను ఒక క్రమశిక్షణగా మలిచాయి. సంస్థాగత నిధులు తీసుకోకపోవడం వేదిక నియమం. సభ్యుల చందాలు, సొంత ఛార్జీలు, దొరికిన చోట భోజనం. ఈ పద్ధతి బలమూ, దాని హద్దూ వాకపల్లి కేసులో ఒకేసారి తెలిసివస్తాయి. విశాఖ ఏజెన్సీలోని జి.మాడుగుల మండలం వాకపల్లికి 2007 ఆగస్టు 20న మావోయిస్టుల వేటకు ఏర్పడ్డ గ్రేహౌండ్స్ పోలీసు బలగం కూంబింగుకు వెళ్ళింది. ఆ ఊరి కోందు ఆదివాసీ స్త్రీలు 11 మంది తమ మీద అత్యాచారం జరిగిందని పాడేరు వెళ్ళి ఫిర్యాదు చేశారు. ఆరోపణ మావోయిస్టులు నేర్పించిందని పోలీసు వర్గాలు అన్నాయి. సీఐడీ కేసు నిలవదని తేల్చింది. స్త్రీలు నిరసన పిటిషన్ వేస్తే పాడేరు మేజిస్ట్రేటు కోర్టు 13 మంది పోలీసుల మీద విచారణకు తీసుకుంది. 2012లో హైకోర్టు, 2017 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాటాక గాని విశాఖపట్నంలో విచారణ మొదలు కాలేదు. 2023 ఏప్రిల్ 6న ప్రత్యేక కోర్టు నిందితులందరినీ విడుదల చేసింది. దర్యాప్తు అధికారులు తమ పని సరిగా చేయలేదని తప్పుపట్టింది. స్త్రీలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా పరిహారం చెల్లించాలంది. ఫిర్యాదుకూ తీర్పుకూ మధ్య పదహారేళ్ళు. ఈలోగా వారిలో ఇద్దరు చనిపోయారు.

ఈ పదహారేళ్ళ ఖర్చు ఏమిటి? నిజనిర్ధారణ బృందం ఊరికి రానుపోను ఖర్చు అందులో పిసరంత. కొండ మీది ఊరి నుంచి కోర్టుకు రావాలంటే ముందు రోజే బయలుదేరాలి. పోడు పనికి, కూలికి నాగా. చంటిపిల్ల ఉంటే చంకనెత్తుకుని రావాలి. కోర్టులో మాట్లాడేది తెలుగు, ఆమెది కువి. మధ్యలో నమ్మకమైన దుబాసీ ఉండాలి. వాయిదా పడితే ఇదంతా మళ్ళీ మొదటికి. నిజానికి చట్టానికి ఇవన్నీ తెలుసు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో చేసిన నిబంధనల్లో 11వది బాధితులకు, సాక్షులకు దారి ఖర్చులు, భోజన ఖర్చులు, వ్యవసాయ కనీస కూలికి తగ్గకుండా రోజు బత్తా ఇవ్వాలంటుంది. స్త్రీ అయితే తాను ఎంచుకున్న తోడు మనిషిని వెంట తెచ్చుకోవచ్చు, ఆ తోడుకూ ఖర్చు ఇవ్వాలి. చెల్లింపు అక్కడికక్కడే, లేదా మూడు రోజుల్లోపు. ఇంత వివరంగా రాసిన నిబంధన మన చట్టాల్లో అరుదు. మరోపక్క, 2016లో సవరించిన సహాయ పట్టిక సామూహిక అత్యాచారానికి 8 లక్షల 25 వేల రూపాయలు నిర్ణయించి, అందులో సగాన్ని వైద్య పరీక్ష, దాన్ని ధ్రువపరిచే నివేదిక వచ్చాక ఇవ్వమంటుంది. సాయుధ బలగాల మీద ఆరోపణ వచ్చిన చోట ఆ వైద్య పరీక్ష ఎంత ఆలస్యమవుతుందో, ఆ నివేదిక ఎవరి చేతుల మీదుగా వస్తుందో చెప్పనక్కరలేదు. డబ్బు ఉంది, దానికి వేసిన తాళం చెవి ఆరోపణకు గురైన వ్యవస్థ దగ్గరే ఉంది.

డబ్బు ముట్టిన సాక్ష్యం చెడిపోతుందన్న అభ్యంతరం బలమైనదే. డిఫెన్సు న్యాయవాది మొదట వేసే ప్రశ్న 'నీకెంత ఇచ్చారు' అన్నదే. అయితే చందాలతో నడిచే వేదిక తోడున్న వాకపల్లి స్త్రీలకూ నింద తప్పలేదు. డబ్బు అనలేని చోట మావోయిస్టులు అన్నారు. కనుక డబ్బు లేకపోవడం రక్షణ అవుతుందనుకోవడం భ్రమ. సాక్ష్యం చెప్పినందుకు ఇచ్చే డబ్బు వేరు, సాక్ష్యం చెప్పడానికి వచ్చి పోగొట్టుకున్నది పూడ్చే డబ్బు వేరు. 11వ నిబంధన ఈ గీత ఎప్పుడో గీసింది. ప్రతి పైసా రాతపూర్వకంగా ఉంచి, కోర్టు అడిగితే చూపించేలా ఉంటే ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ఇలాంటి బాధితుల నుంచి సమాచారం సేకరించేవారి కోసం 2022 ఏప్రిల్‌లో వెలువడిన మురాద్ నియమావళి కూడా బాధితురాలినే కేంద్రంగా పెట్టుకుంటుంది: చెప్పాలో వద్దో, ఎవరికి చెప్పాలో, చెప్పింది ఎక్కడిదాకా పోవాలో నిర్ణయించేది బాధితురాలు. ఇరాక్‌లో యజీదీ స్త్రీల మీద జరిగిన హింసను పదేపదే పాత్రికేయులు, పరిశోధకులు అడిగి రాసుకోవడంలోని ఇబ్బంది నుంచి పుట్టిన జాగ్రత్తలవి.

విదేశీ నిధుల మీద అనుమానం మరో అభ్యంతరం. 2019లో యజీదీ బాధితురాలు నాదియా మురాద్, కాంగో వైద్యుడు డెనిస్ ముక్వెగే స్థాపించిన గ్లోబల్ సర్వైవర్స్ ఫండ్ వంటివి బాధితులకు పరిహారం దక్కేలా చూడడానికే పుట్టాయి. భారతదేశం తన గడ్డ మీద సాయుధ సంఘర్షణ ఉందని ఒప్పుకోదు. మధ్యభారతంలో జరిగేది శాంతిభద్రతల సమస్య అంటుంది. కాబట్టి సంఘర్షణ పేరు మీద వచ్చే నిధులకు ఇక్కడ దారి ఇరుకు. పైగా విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ, ఒక సంస్థ తాను తీసుకున్న విరాళాన్ని మరో సంస్థకు ఇవ్వకుండా నిషేధించింది. పరిపాలన ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20కి తగ్గించింది. నగరంలోని పెద్ద సంస్థ నుంచి ఏజెన్సీలోని చిన్న సంఘానికి డబ్బు చేరే కాలువ అక్కడితో తెగింది. బయటి డబ్బు వెంట బయటివారి గడువులు, ఫారాలు, వార్షిక లక్ష్యాలు వస్తాయన్నది కూడా నిజమే. మూడేళ్ళ ప్రాజెక్టు పదహారేళ్ళ కేసును మోయలేదు. అందువల్ల ఈ బాధ్యతను విదేశీ దాతల మీద వేయడం కంటే, కాగితం మీద ఇప్పటికే ఉన్న దేశీయ నిధిని పోలీసు, రెవెన్యూ శాఖల చేతుల నుంచి న్యాయసేవాధికార సంస్థల చేతికి మార్చడం మేలు.

శిక్ష పడనప్పుడు ఈ ఖర్చంతా బూడిదలో పోసిన పన్నీరే కదా అని అడిగేవారున్నారు. ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లాలో పోలీసు బలగాలు అత్యాచారాలకు పాల్పడ్డాయన్న ఆరోపణల మీద జాతీయ మానవ హక్కుల కమిషన్ 2017 జనవరిలో 16 మంది ఆదివాసీ స్త్రీలు ప్రాథమికంగా బాధితులేనని భావించి, 37 లక్షల రూపాయల మధ్యంతర పరిహారం సిఫారసు చేసింది. ఎవరో వెళ్ళి వారి మాట రాసుకోకపోతే కమిషన్ దాకా ఆ మాట చేరేదే కాదు. వాకపల్లి తీర్పులో దర్యాప్తు వైఫల్యం నమోదు కావడం వెనకా పదహారేళ్ళు మాట మార్చని స్త్రీలు, వారి వెంట నిలిచిన వేదిక ఉన్నారు. శిక్షకు ఇది ప్రత్యామ్నాయం అని ఎవరూ అనరు. కానీ 1948 నాటి స్త్రీలకు దక్కింది ఇంత కూడా లేదు.

ఈ పనికి చందా ఇచ్చే వ్యక్తులు గాని, ప్రవాస సంఘాలు గాని ఒక్క షరతు పెట్టవచ్చు: ఇచ్చిన దానిలో ముందుగా బాధితురాలి దారి ఖర్చులు, ఆమె కోరిన తోడు మనిషి, దుబాసీ, పోయిన కూలి చెల్లించాలి, ఆమె వద్దంటే నివేదిక అచ్చు కాకూడదు.