మంచుముళ్లు: శిఖరారోహణకు పూర్వచరిత్ర, పరిణామం

1. ఉపోద్ఘాతం

మంచు మీద జారకుండా నడవడానికి పాదరక్షల అడుగున తొడిగే ఇనుప ముళ్ల చరిత్రను సాధారణంగా పర్వతారోహణ చరిత్రలో భాగంగానే చెబుతారు. ఆ కథనంలో 1908 మొదటి మైలురాయి. బ్రిటిష్ రైల్వే ఇంజనీరు ఆస్కార్ ఎకెన్‌స్టైన్ పది ముళ్ల క్రాంపాన్‌కు రూపకల్పన చేసిన సంవత్సరమది. అంతకుముందరి ఆధారాలను పరిశీలిస్తే ఈ సాధనం మొదట శిఖర విజేతలది కాదనీ, చలికాలంలోనూ ప్రయాణం తప్పని సామాన్యులదనీ స్పష్టమవుతుంది. ఈ విషయాన్ని నిరూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. హిమం, గడ్డమంచు

తెలుగులో ‘మంచు’ అనే ఒక్క మాట పొగమంచుకూ, కురిసే హిమానికీ, గడ్డకట్టిన నీటికీ చెల్లుతుంది. నడక విషయంలో చివరి రెండింటి మధ్య భేదం కీలకం. మెత్తని హిమంలో పాదం కూరుకుపోతుంది, గడ్డమంచు మీద జారిపోతుంది. మొదటిదానికి వెడల్పైన అడుగు కావాలి, రెండవదానికి లోపలికి దిగే ముల్లు కావాలి. గడ్డమంచు ఉపరితలంపై ద్రవం వంటి పలుచని పొర ఉంటుందని మైకేల్ ఫారడే 1850లో ప్రతిపాదించాడు. ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల సెల్సియస్‌కు చేరువయ్యే కొద్దీ ఈ పొర మందమవుతుంది. అందువల్ల గడ్డకట్టించే తీవ్రమైన చలిలో కంటే, మంచు కరగడం మొదలైన రోజునే జారే ప్రమాదం ఎక్కువ.

3. ప్రాచీన, మధ్యయుగ ఆధారాలు

గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో తన ‘భూగోళం’ పదకొండవ సంపుటంలో కాకసస్ పర్వతవాసుల పాదరక్షలను వర్ణించాడు. అవి పచ్చి ఎద్దుతోలుతో చేసినవి, డప్పుల్లా వెడల్పైనవి, అడుగున ముళ్లున్నవి. ఆర్మీనియా ప్రాంతంలో ముళ్లు బిగించిన కొయ్యబిళ్లలను వాడేవారనీ ఆయన తెలిపాడు. హిమానికి వెడల్పు, గడ్డమంచుకు ముల్లు అనే రెండు సూత్రాలూ కాకసస్ పాదరక్షలో ఒకేచోట కనిపించడం గమనార్హం.

స్వీడన్‌లో 8–10 శతాబ్దాల నాటి వాణిజ్య పట్టణం బిర్కా సమాధులలో ఇనుప మంచుముళ్లు లభించాయి. ఆ ద్వీపం చుట్టూ ఉన్న నీరు చలికాలంలో గడ్డకట్టి రహదారిగా మారేది. అక్కడ ముల్లు సాహసానికి గుర్తు కాదు, రాకపోకలకు ఆధారం.

జూరిచ్ పండితుడు యోసియాస్ సిమ్లర్ 1574లో ఆల్ప్స్ పర్వతాలపై లాటిన్‌లో రాసిన గ్రంథంలో, గుర్రపు నాడాలను పోలి మూడు వాడి ముళ్లున్న పాదపు ఇనుములను పేర్కొన్నాడు. కనుమలు దాటే బాటసారుల భద్రతే ఆయన దృష్టిలో ప్రధానం.

4. ఆరోహణ యుగం

ఎకెన్‌స్టైన్ నమూనాకు లోహరూపమిచ్చినవాడు ఇటలీలోని కూర్మేయర్‌కు చెందిన కమ్మరి హెన్రీ గ్రివెల్. 1929లో లారెంట్ గ్రివెల్ ముందువైపు మరో రెండు ముళ్లు చేర్చాడు. 1938లో ఐగర్ ఉత్తర ముఖాన్ని తొలిసారి అధిరోహించినప్పుడు ఈ పన్నెండు ముళ్ల సాధనం విలువ రుజువైంది. దాన్ని ధరించిన హెక్‌మైర్, ఫోర్గ్ తరువాత బయలుదేరినా ముందున్న జంటను కలుసుకున్నారు. ఆ జంటలోని హారర్‌కు క్రాంపాన్లే లేవు. ఈ విజయాల వెలుగులో బాటసారి చరిత్ర మరుగున పడింది.

5. వీధికి తిరిగిరాక

1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొన్న వల్కనీకరణ ప్రక్రియతో చలికి బిరుసెక్కని రబ్బరు సాధ్యమైంది. నేడు సాగే రబ్బరు చట్రానికి ఉక్కు తీగచుట్టలో, చిన్న ముళ్లో అమర్చిన తొడుగులను మామూలు బూట్లపైనే వేసుకోవచ్చు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో పడిపోయే ప్రమాదమున్న 109 మంది వృద్ధులపై జరిపిన పరిశీలన 2005లో వెలువడింది. తీగచుట్టల తొడుగులు వాడినవారు ఆరుబయట పడిపోవడం, వాడనివారితో పోలిస్తే సగానికంటే తక్కువగా నమోదైంది. అయితే మంచులో పట్టునిచ్చే లోహమే నున్నని రాతినేల మీద జారుతుంది. గడప దాటేముందు వీటిని విప్పడం తప్పనిసరి. కనుక వంగలేని వృద్ధులకు తొడగడం, విప్పడం ఎంత సులువన్నది ముల్లు పదునుతో సమానమైన ప్రమాణం.

6. ముగింపు

• మంచుముళ్ల తొలి ఆధారాలు పర్వతవాసులు, వర్తకులు, బాటసారుల జీవనంలో ఉన్నాయి.
• ఆధునిక ఆరోహణ ఈ సాధనాన్ని మెరుగుపరచింది, సృష్టించలేదు.
• నేటి తొడుగు పర్వత సాధనానికి చౌకైన అనుకరణ కాదు, దాని అసలు ప్రయోజనానికి కొనసాగింపు. శిఖరాన్ని చేరినవారి పేర్లు మాత్రమే నమోదు చేసే వస్తుచరిత్ర, క్షేమంగా ఇల్లు చేరినవారిని లెక్కలోకి తీసుకోనంతకాలం అసంపూర్ణమే.