ఆరు దినముల సృష్టి, కాళేశ్వర తీరపు శిలలు

భూపాలపల్లి జిల్లాలోని కాళేశ్వర క్షేత్రమునకు ఎగువన, ప్రాణహితా తీరమందు కోట అను గ్రామము కలదు. అచ్చటి శిలలలో అతిప్రాచీన మత్స్యముల అవశేషములు లభించినవి. పందొమ్మిదవ శతాబ్దమున వానిని పరిశీలించినవారిలో స్టీఫెన్ హిస్లప్ ఒకడు. ఆయన నాగపురమున నివసించిన స్కాట్లండు క్రైస్తవ ప్రచారకుడు.

ఆయన పఠించు హీబ్రూ గ్రంథము సృష్టి ఆరు దినములలో జరిగెనని చెప్పును. ఐర్లండు మతాచార్యుడు అషర్ 1650లో అందలి వంశావళులను గణించి, సృష్ట్యారంభము క్రీ.పూ. 4004 అని నిర్ణయించెను. భూపాలపల్లి గనుల బొగ్గో, 25 కోట్ల సంవత్సరములకు పైబడినది! దినమనగా యుగమని కొందరు క్రైస్తవ పండితులు సమన్వయించిరి. హీబ్రూలో 'యోమ్' శబ్దమునకు దీర్ఘకాలమను అర్థమును కలదు గనుక అది వట్టి కుయుక్తి కాదు.

ఇది విని మనవారు కొందరు మురిసిపోవుదురు. బ్రహ్మదేవుని పగలు 432 కోట్ల సంవత్సరములు, విజ్ఞానశాస్త్రము చెప్పు భూమి వయస్సు సుమారు 454 కోట్లు, సరిపోయినది కదా అందురు. సరిపోలేదు. 432 కోట్లు కల్పము యొక్క పూర్ణపరిమాణము. శ్వేతవరాహకల్పమున నేటికి గడచినవి దాదాపు 197 కోట్లే. వైవస్వత మన్వంతరమని నిత్యము పలుకు నోటితోనే ఈ లెక్క చెప్పుట చిత్రము.

కాళేశ్వర సంగమమున స్నానమాడువాడు చెప్పు సంకల్పము శిలల వయస్సు కొలుచుటకు కాదు, ఏ దేశకాలములందు నిలిచి కర్మ చేయుచున్నాడో తెలుపుటకు. హీబ్రూ గ్రంథమందలి ఏడవ దినము కూడ విశ్రాంతికి, ఆరాధనకు ఏర్పడినదే.