రెముటాక కొండదారి

న్యూజీలాండు దేశపు ఉత్తరద్వీపమున, రాజధానియగు వెల్లింగ్టనుకును వైరరాప మైదానమునకును నడుమ, రెముటాక యను పర్వతశ్రేణి అడ్డముగా నిలిచియున్నది. ఆవలి మైదానము గొఱ్ఱెల మందలకు నెలవు; అచ్చటి ఉన్నియు తక్కిన సరకులును రేవునకు చేరవలెనన్న వ్యాపారదృష్టియే 1878లో ఈ కొండపైకి రైలును ఎక్కించినది. నేడు పట్టాలు లేవు. రైలునకై తొలిచిన ఆ దారినే సైకిళ్ళు పోవుచున్నవి.

పడమటి దిక్కున మేమార్న్ నుండి బయలుదేరినవారికి దారి పాకురటాహి నదీలోయ వెంట శ్రమ తెలియకుండ ఎక్కును. ఎక్కి ఎక్కి సమ్మిట్ అను పూర్వపు స్టేషను స్థలము చేరగానే 576 మీటర్ల బోగదా ఎదురగును. లోపల దీపము లేదు. టార్చిలైటు లేనివాడు సైకిలు దిగి నడచుటయే మేలు. ఒకప్పుడు నాలుగేసి యంత్రములు ఒక్కబండికే తగిలించుకొని ఈ ఇరుకు బిలములో దూరినపుడు, వెనుక యంత్రములపై నిలిచిన డ్రైవర్లు, బొగ్గు వేయువారు ముందువాటి పొగను మ్రింగుచు ఎట్లు ఊపిరి పీల్చిరో ఊహించుటయే కష్టము.

బోగదా దాటినంతనే కొండ తూర్పునకు హఠాత్తుగా దిగజారును. ఇచ్చటినుండి క్రాస్ క్రీక్ వరకు మూడుమైళ్ళ దారి సగటున పదిహేనడుగులకు ఒక అడుగు చొప్పున వాలియున్నది. సైకిలునకు అది పెద్ద వాలు కాకపోవచ్చునుగాని, నున్నని ఇనుముపై నున్నని ఇనుము దొరలవలసిన రైలునకు అంతటి వాలుపై పట్టు దొరకదు. చుట్టుదారి వేయుటకో, కొండ అడుగున దీర్ఘమైన సొరంగము త్రవ్వుటకో ఆనాటి ఖజానా చాలలేదు. కావున జాన్ బారక్లో ఫెల్ అను ఆంగ్లేయ ఇంజనీరు పద్ధతిని ఆశ్రయించిరి. అది అంతకుమునుపు ఫ్రాన్సు, ఇటలీల నడిమి మోఁసెనీ కనుమపై కొన్ని యేండ్లు నడచినది.

ఆ పద్ధతి యేమనగా, రెండు పట్టాల నడుమ, వాటికంటె ఎత్తున, మూడవ పట్టాను పరుండబెట్టుదురు. యంత్రపు కడుపుక్రింద అడ్డముగా అమర్చిన చక్రములు స్ప్రింగుల బలిమితో దానిని ఇరుప్రక్కలనుండి అదిమిపట్టి, తాటిమ్రానిని కౌగిలించి ఎగబ్రాకు గీతగానివలె, బండిని పైకి లాగును. ఎక్కుటకంటె దిగుటయే గండము. బ్రేకువ్యానుల అడుగున పోతయినుప దిమ్మలు ఆ నడిమి పట్టాను ఒరసికొనుచు వచ్చెడివి. క్రిందికి చేరునప్పటికి అవి అరిగిపోయెడివి. మరల బండి కదలుటకు ముందే మనుష్యులు వంగి వాటిని మార్చవలసివచ్చెడిది. ఈ పనులకై క్రాస్ క్రీక్‌లో కొండ అడుగున కుటుంబములతో కాపురముండిన రైల్వే శ్రామికుల చాకిరి, నా లెక్కలో, ఫెల్ గారి చక్రములకంటె గొప్పది.

నడిదారిలో సైబీరియా యను మలుపు కలదు. పేరు ఊరక రాలేదు. 1880 సెప్టెంబరు 11న అచ్చట వీచిన గాలి ప్రయాణికుల పెట్టెలను పట్టాలపైనుండి త్రోసివైచెను. యంత్రము మాత్రము నడిమి పట్టాను వదలక నిలిచెను. ఆ ప్రమాదమున మరణించినవారు పిల్లలు. పిమ్మట గాలికి అడ్డుగా కొయ్యకంచెలు కట్టిరి. రైలు పోయిన తరువాత ఆ మలుపులోని కట్టయు వరదకు కొట్టుకొనిపోగా, సైకిలువారు లోయలోనికి దిగి, వాగు దాటి, బండిని భుజమున వేసికొని ఆవలిగట్టు ఎక్కవలసివచ్చినది. దారి మొత్తమునకు ఈ కొన్ని బారల భాగమే కష్టమని చెప్పదగియుండెను. గాలి మాత్రము అప్పటివలెనే నేడును మనుష్యుని సైకిలుతో సహా ప్రక్కకు నెట్టగలదు.

ఆశ్చర్యమేమనగా, డబ్బునకు వెనుదీసి కట్టిన ఈ ఏర్పాటు 77 ఏండ్లు నిలిచినది. అదియు ఆరే ఆరు ఫెల్ యంత్రములతో. 1936లో రైలుకార్లు వచ్చి ప్రయాణికులను వాటి సాయము లేకయే దాటించినను, సరకుబండ్లకు పాతపాట్లు తప్పలేదు. తుదకు కొండ అడుగున దాదాపు 8.8 కిలోమీటర్ల సొరంగము త్రవ్విరి. 1955 అక్టోబరు 29న పాతదారిని ఆఖరు బండి నడచెను. నవంబరు 3న క్రొత్త సొరంగమునకు ప్రారంభోత్సవము జరిగెను. పట్టాలు ఊడబెరికిరి. బాటను 1987లో నడచువారికిని సైకిలువారికిని తెరచిరి.

ఆరు యంత్రములలో ఐదు తుక్కుక్రింద పోయినవి. మిగిలిన హెచ్ 199ను ఫెదర్‌స్టన్ ఊరిలో పిల్లలు ఎక్కి ఆడుకొనుటకు పెట్టిరి. తుప్పుపట్టుచుండిన దానిని ఊరివారే పూనుకొని బాగుచేసికొని, అచ్చటనే మ్యూజియము కట్టి నిలిపిరి. లోకములో మిగిలిన ఫెల్ యంత్రము అదొక్కటే.