పోయిన జన్మలో అందరూ ఫేమసేనా?

ఇప్పుడు నేను సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో ఉన్నా. బస్తాలు మోసే హమాలీ అన్నలు కనిపిస్తున్నారు కదా? పోయిన జన్మలో హమాలీని అని ఎవరైనా చెప్పగా విన్నారా? అందరూ రాజులే, మహాత్ములే!

మన తెలుగు నేల మీదే పెద్ద ఉదాహరణ ఉంది. షిర్డీ సాయిబాబా 1918లో సమాధి అయ్యారు. 1926లో పుట్టపర్తిలో పుట్టిన సత్యసాయిబాబా, టీనేజ్‌లోనే తానే ఆ సాయినని ప్రకటించారు. లక్షలమంది నమ్మారు. నమ్మకం వాళ్లిష్టం. కానీ చరిత్ర ఆధారం అడుగుతుంది. షిర్డీ బాబా అసలు పేరు, అమ్మానాన్నల గురించి గట్టి రికార్డే లేదు. మరి దేంతో సరిచూడాలి?

తెలిసిన సంగతులు చెప్తే, అవి పుస్తకాల్లో ఉన్నవే. తెలియనివి చెప్తే, చెక్ చెయ్యలేం.

రేపు ఎవరైనా డబ్బులు తీసుకుని, మీరు పోయిన జన్మలో కృష్ణదేవరాయలు అంటే ఒక్కటే అడగండి: పుస్తకాల్లో లేనిది, వెతికితే దొరికేది ఒక్కటి చెప్పండి!