గ్యారా కద్దూ, బారా కొత్వాల్



పదునొకండు గుమ్మడికాయలు, పండ్రెండుగురు కొత్వాళ్లు. సురవరం ప్రతాపరెడ్డిగారి యొక కథకు పేరిది. వారి 'మొగలాయి కథలు' అను సంపుటిలోనిది. నిజాముగారి సీమను నాడు జనులు మొగలాయి యనుచుండిరి. ఆ సీమలోని అధికారమునకును లంచమునకును గల చుట్టరికమును ఇంత తేటగా చూపిన వ్యంగ్యరచనను నేను వేరొకదానిని చదువలేదు.

ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. 1930లో మన నారాయణఖేడునకు పొరుగుననే యున్న జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించిరి. సభ జరుపుటకైనను సర్కారు అనుమతి వలసిన కాలమది. అర్జీలో వ్రాయరాని మాటను వారు నవ్వులో చెప్పిరి.

అందలి లెక్కను గమనింపుడు. కొత్వాలు కొక కాయ చొప్పున పోయిన, అమ్మువానికి మిగులునది సున్న. పండ్రెండవ వానికి కాయయే లేదు. అతని కోపమునకు గురియగువాడెవడు? ఆ పేదవాడే! మొగలాయిలో దోచుకొనుట కేమియు లేకుండుటయు నేరమే.

ఇది కేవలము కల్పన గాదు. ఆ దినములలో అధికారి గ్రామమునకు వచ్చెనేని కోళ్లు, నేయి, గడ్డి, కట్టెలు ఊరక సమర్పింపవలసి యుండెను. చాకలి, మంగలి, కుమ్మరి కూలిలేని వెట్టి చేయుచుండిరి. పైవాడొక్కడే తినడు, వాని వెనుక జవానుదాక వరుస యుండును. కావున దోషము ఒక దుష్టునిది గాదు, వరుసది. రచయిత కనిపెట్టిన మర్మమిదియే.

1948లో నిజాం పాలన ముగిసెను. 1956లో మన తాలూకా బీదరు జిల్లానుండి మెదకులో చేరెను. 1984లో పటేలు పట్వారీల వంశపారంపర్యపు పదవులు రద్దయ్యెను. 2016లో మనది సంగారెడ్డి జిల్లా యయ్యెను. పలకలపై పేర్లు మారినవి. కాని యొక కాగితముకొరకు కచేరీకి బోయిన రైతు చేయి నేటికిని జేబులోనికి పోవుచున్నచో, ఆ లెక్క మారలేదన్నమాట. "ఇది లోకరీతి" యని మనము తలయూచి యిచ్చిన తొలికాయయే రెండవ కొత్వాలును పిలుచును. నడుమ మాటలాడి పని జరిపించువాడును ఆ వరుసలోనివాడే.

రచ్చకట్టపై పిల్లలకు ఈ కథను చదివి వినిపింపుడు. వారు నవ్వుదురు. నవ్వినపిమ్మట, పదుమూడవ కొత్వాలు మన యూరిలో నున్నాడా యని వారినే యడుగుడు.