వైఫైలో వంతు ఎవరిది?

శుక్రవారం రాత్రి తొమ్మిదయిందంటే మన క్యాంపుల్లో వైఫై మొరాయిస్తుంది. ఇంటికి వీడియో కాల్ కలుస్తుంది, అంతలోనే పిల్ల మొహం కదలకుండా నిలిచిపోతుంది. క్యాంపు ఆఫీసులో రిజిస్టర్లు రాసే మా దగ్గరికి పంచాయితీ వస్తుంది: "అన్నా, పై రూమోళ్లు సినిమాలు చూసుకుంట లైను మొత్తం వాళ్లే వాడుకుంటున్నరు." ఈ పంచాయితీ మన క్యాంపుతో మొదలైంది కాదు.

పసిఫిక్ సముద్రం నడుమ ఉన్న హవాయిలో విశ్వవిద్యాలయం పెద్ద కంప్యూటరు ఒక దీవిలో ఉంటే, కొన్ని కాలేజీలు వేరే దీవుల్లో ఉండేవి. టెలిఫోను లైన్లు ఖరీదు, పైగా నమ్మకం తక్కువ. అందుకని ప్రొఫెసర్ నార్మన్ అబ్రమ్సన్, ఆయన తోటివాళ్లు రేడియోతో కలిపారు. 1971 జూన్‌లో మొదలైన ఆ నెట్‌వర్కు పేరు అలోహానెట్. అలోహా అంటే అక్కడివాళ్ల పలకరింపు. వేగం సెకనుకు 9600 బిట్లు. ఇప్పటి ఒక మెగాబైటు ఫొటో ఆ లెక్కన వెళ్లడానికి దాదాపు పావుగంట పడుతుంది!

దారి ఒకటే, పంపేవాళ్లు చాలామంది. అబ్రమ్సన్ క్యూ పెట్టలేదు. పని పడినవాళ్లు పంపేయడమే. రెండు సందేశాలు గుద్దుకుంటే రెండూ పాడవుతాయి. "అందింది" అని జవాబు రాకపోతే కాసేపు ఆగి మళ్లీ పంపాలి. ఆ ఆగే సమయం ఒక్కొక్కరికి ఒక్కోలా ఉండాలి, కిటుకంతా అక్కడే. ఇద్దరూ సమానంగా ఆగితే మళ్లీ గుద్దుకోవడమే కదా. ఈ పద్ధతిలో దారి సామర్థ్యంలో ఎక్కువలో ఎక్కువ 18 శాతమే పనికొస్తుంది. అయినా పని జరిగింది.

1985లో అమెరికా ప్రభుత్వం మైక్రోవేవ్ ఒవెన్లు వాడే తరంగాలను లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది. దుకాణాల్లో బిల్లు మిషన్లను తీగ లేకుండా కలపాలని ఎన్‌సీఆర్ కంపెనీ నెదర్లాండ్స్ ఇంజినీర్లు పూనుకున్నారు. వారిలో విక్ హేస్ ప్రమాణాల కమిటీకి నాయకత్వం వహించాడు. 1997లో 802.11 ప్రమాణం వచ్చింది, వేగం 2 మెగాబిట్లు. 1999లో అది 11కి పెరిగింది. వైఫై అన్న పేరు అప్పటిదే. అమ్మకం కోసం పెట్టిన పేరు, విడదీస్తే అర్థమేమీ లేదు.

వైఫైలో కొంత మర్యాద చేరింది. ఫోను ముందు వింటుంది, గాలి ఖాళీగా ఉంటేనే మాట్లాడుతుంది. నలభై ఫోన్లుంటే నలభై ఆగాలి. సిగ్నలు సరిగా అందని ఫోను నెమ్మదిగా మాట్లాడుతుంది కాబట్టి, కొంచెం పంపడానికే ఎక్కువసేపు గాలిని పట్టుకుంటుంది. అంటే తప్పు ప్రతిసారీ సినిమా చూసేవాడిది కాదు. సిమ్ ఫోను కూడా టవరును మొదటిసారి చోటు అడిగేటప్పుడు అలోహా పద్ధతినే కొంచెం మార్చి వాడుతుంది.

2021లో ఖాయమైన వైఫై 6 ప్రమాణం ఒకే వంతును కొన్ని ఫోన్లకు పంచగలదు. కానీ రౌటరూ ఫోనూ రెండూ ఆ రకానివే కావాలి. మన జేబుల్లో ఎక్కువగా పాత ఫోన్లే.

మా క్యాంపులో రౌటరు ఆఫీసు గోడకు ఉండేది. వరండా చివరి రూములోని పెద్దాయన ఫోనుకు ఒక్క గీత సిగ్నలు. ఆయన కాల్ కలిపితే అందరిదీ నత్తనడకే, ఆ సంగతి ఆయనకే తెలియదు. సూపర్‌వైజరును అడిగి రౌటరును వరండా నడుమకు మార్పించాం. పోయిన శుక్రవారం పెద్దాయన మనవరాలితో ఇరవై నిమిషాలు మాట్లాడాడు. పై రూములో సినిమా కూడా ఆగలేదు.