కందిరీగల శాస్త్రవేత్త వేసిన మెట్లు

ఇండియానా విశ్వవిద్యాలయంలో ఆల్‌ఫ్రెడ్ కిన్సే అనే కీటక శాస్త్రవేత్త ఉండేవాడు. ఓక్ చెట్ల మీద బుడిపెలు పుట్టించే బుల్లి కందిరీగలంటే ఆయనకు ప్రాణం. లక్షల్లో పోగేసి, సూదులకు గుచ్చి, చీటీలు రాసి పెట్టాడు. మనుషుల లైంగిక ఆకర్షణకు, అవతలి లింగం వైపే అనే 0 నుంచి తన లింగం వైపే అనే 6 దాకా, మెట్లు వేసింది కూడా ఈయనేనని తెలిసినప్పుడు నాకు భలే సంబరమేసింది.

రెక్కలు కొలిచి కొలిచి, ఒకే జాతిలోనూ ఎంత తేడా ఉంటుందో చూసినవాడు మనుషుల్ని రెండే గదుల్లో ఎలా సర్దుతాడు? 1938లో పెళ్లి గురించి పాఠాలు చెబుతుంటే, విద్యార్థుల సందేహాలకు పుస్తకాల్లో సరైన జవాబుల్లేవు. ఇక తనే జనాన్ని వాళ్ల లైంగిక జీవితం గురించి అడగడం మొదలుపెట్టాడు. ‘ఎప్పుడైనా జరిగిందా’ అని కాదు, ‘మొదటిసారి ఎప్పుడు’ అనేవాడు. అలా అడిగితే దాచుకోవాలన్న బెదురు తగ్గుతుంది. జవాబుల్ని గుర్తుల్లో రాసుకునేవాడు. ఆ గుర్తుల్ని కంఠతా పట్టినవాళ్లకే అవి అర్థమయ్యేవి. 1948 నాటి పుస్తకంలో ఈ మెట్లు అచ్చయ్యాయి. ఒకే మనిషి ఒక్కో వయసులో ఒక్కో మెట్టు మీద ఉండొచ్చని కూడా ఆయన గుర్తించాడు. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఈ మాటే.

తర్వాతివాళ్లు 0కీ 6కీ నడుమ ఉన్న మెట్లను చేజార్చుకున్నారు. 1978లో మనోవైద్యుడు ఫ్రిట్జ్ క్లైన్ ద్విలైంగికత మీద పుస్తకమే రాసినా, పిల్లల లెక్కల దగ్గరికొచ్చేసరికి సర్వేలవాళ్లది రెండు గదుల పాత అలవాటే. మిన్నెసోటాలో 34,706 మంది బడిపిల్లల్ని అడిగిన సర్వే ఫలితాలు 1992లో వచ్చాయి. పన్నెండేళ్లవాళ్లలో 25.9 శాతం తమ ఆకర్షణ ఎటో ఇంకా తేల్చుకోలేదు, పదిహేడేళ్లవాళ్లలో అది 5 శాతమే. ఇంత చక్కని వివరం ఇచ్చిన ఆ నివేదిక సారాంశంలోనే ద్విలైంగికుల్నీ స్వలింగ ఆకర్షణ ఉన్నవాళ్లనీ కలిపి 1.1 శాతమని ఒకే అంకె వేశారు. ఆడామగా ఇద్దరి వైపూ ఆకర్షణ కలిగే పిల్లవాడు ఆ అంకెలో ఎక్కడున్నాడు? విడిగా లెక్కించని పిల్లల కష్టం విడిగా కనబడదు. అది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

‘ద్విలైంగికత వయసు తెచ్చిన తికమక, దాటిపోతుంది’ అనే మాటను మనస్తత్వ శాస్త్రవేత్త లీసా డైమండ్ ఓపిగ్గా పరీక్షించింది. 79 మంది యువతుల్ని పదేళ్లపాటు మళ్లీ మళ్లీ పలకరించింది. 2008లో అచ్చయిన ఫలితాల ప్రకారం, ద్విలైంగికత చాలామందికి దాటిపోయే దశ కాదు.

అమెరికా హైస్కూళ్ల జాతీయ సర్వేలో లైంగిక గుర్తింపు గురించిన ప్రశ్న 2015లో గానీ చేరలేదు. అప్పుడు విడివిడిగా లెక్కిస్తే, గే, లెస్బియన్ అన్నవాళ్లు 2 శాతం, బైసెక్సువల్ అన్నవాళ్లు 6 శాతం.